దీర్ఘకాలిక జీర్ణకోశ వ్యాధులు: రోగుల ప్రశ్నలు, జవాబులు

నోటి నుంచి మలద్వారం దాకా సాగే ఆహారనాళంలో నెలలు, ఏళ్ల తరబడి ఉండిపోయే జబ్బులనూ, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే జబ్బులనూ కలిపి దీర్ఘకాలిక జీర్ణకోశ వ్యాధులంటారు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులతో వేధించే ఆసిడ్ రిఫ్లక్స్, జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదట్లోనూ పడే పుండ్లు, పేగుల నడక గాడి తప్పే ఐబీఎస్, పేగుల గోడలు వాచి పుండ్లు పడే ఐబీడీ, గోధుమలు పడని సీలియాక్ జబ్బు, పాలు అరగకపోవడం, మొండి మలబద్ధకం వీటిలో ముఖ్యమైనవి. ఐబీడీలో మళ్లీ రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకే పరిమితమవుతుంది. క్రోన్స్ జబ్బు ఆహారనాళంలో ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాకవచ్చు.

ఈ జబ్బులున్నవారు డాక్టరు ముందు కూర్చుని అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. ఏం తినాలి? మందులు ఎన్నాళ్లు వాడాలి? క్యాన్సర్‌గా మారుతుందా? ప్రశ్న ఒకటే అయినా జబ్బును బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది. ఐబీఎస్ రోగికి ధైర్యం చెప్పే మాట కొలైటిస్ రోగికి ప్రమాదకరం కావచ్చు. కాబట్టి రోగి అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న, 'నా జబ్బు పేరేమిటి?' అన్నది. ఏళ్ల తరబడి మందులు వాడుతూ కూడా ఆ పేరు తెలియనివారు మన దగ్గర చాలామంది ఉన్నారు. అది వారి తప్పు కాదు. చీటీ మీద మందుల పేర్లు రాసిచ్చి, జబ్బు పేరు చెప్పకుండా పంపే అలవాటు మారాలి.

'ఇది గ్యాసేనా?'

తెలుగు ఇళ్లలో ఛాతీ మంటా గ్యాసే, కడుపు ఉబ్బరమూ గ్యాసే, వీపులో పట్టేసినా గ్యాసే. ఇందులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం గుండెపోటును గ్యాస్ అనుకోవడం. నడిస్తేనో మెట్లెక్కితేనో ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకోకూడదు. వెంటనే ఈసీజీ తీయించాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా, కేవలం కడుపులో ఇబ్బందిగా కనబడవచ్చు.

ఇక కడుపు జబ్బుల్లోనే తాత్సారం చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మలంలో రక్తం, తారులాంటి నల్లటి మలం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, మింగుతుంటే గొంతులోనో ఛాతీలోనో అడ్డుపడటం, నిద్రలోంచి లేపే విరేచనాలు, వదలని జ్వరం, 45 ఏళ్లు దాటాక కొత్తగా మారిన మలవిసర్జన అలవాటు, రక్తసంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏ ఒక్కటున్నా ఎండోస్కోపీయో కొలనోస్కోపీయో అవసరమవుతుంది. 'గొట్టం వేస్తారు' అన్న భయంతో ఈ పరీక్షను నెలల తరబడి వాయిదా వేసేవారు ఎక్కువ. ఇప్పుడు చాలాచోట్ల మత్తు ఇచ్చి చేస్తున్నారు, రోగి ఆ రోజే ఇంటికి వెళ్లిపోతాడు.

మలంలో రక్తం పడగానే మొలలనే తీర్మానం ఇంట్లోనే జరిగిపోతుంది. బోర్డు పెట్టుకున్న మొలల వైద్యుడి దగ్గర కొన్నాళ్లు, పథ్యంతో కొన్నాళ్లు గడుస్తాయి. మొలలే కారణం కావచ్చు, అదే ఎక్కువ కూడా. కానీ రక్తంతో పాటు జిగట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టనిపించడం ఉంటే కొలైటిస్‌ను, మలాశయ క్యాన్సర్‌ను అనుమానించాలి. ఆపరేషన్ చేసినా మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఫిస్టులా (మలద్వారం పక్కన చీము కారే దారి) వెనక క్రోన్స్ దాగి ఉండవచ్చు.

ఇలాంటిదే అమీబా ముద్ర. కడుపునొప్పి, జిగట విరేచనాలతో వచ్చినవారికి ఏటా రెండుమూడు సార్లు మెట్రోనిడజోల్ కోర్సు రాయడం మన దగ్గర పాత అలవాటు. మామూలు సూక్ష్మదర్శిని కింద చూస్తే జబ్బు చేసే అమీబా, ఏ హానీ చేయని దాని జాతి అమీబా ఒకేలా కనిపిస్తాయి. పదేళ్లుగా 'అమీబా' పోవడం లేదని బాధపడేవారిలో చాలామందికి ఉన్నది ఐబీఎస్.

'కారం తింటే పుండు పడిందా?'

గుంటూరు మిరపకాయ మీద ఈ నింద చాలాకాలంగా ఉంది. వైద్యులు కూడా 20వ శతాబ్దంలో చాలాకాలం ఆందోళన, కారం, ఆమ్లం కలిసి పుండు చేస్తాయనే నమ్మారు, పాలు, చప్పిడి తిండి పెట్టారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు జీర్ణాశయపు ముక్కల్లో వంపు తిరిగిన బ్యాక్టీరియాను గమనించాడు. బ్యారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిసి 1982లో దాన్ని ప్రయోగశాలలో పెంచగలిగాడు. ఎవరూ నమ్మకపోవడంతో మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రావకాన్ని తానే తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని చూపించాడు. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఆ సూక్ష్మజీవి గురించిన కృషికి ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

పుండుకు రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు, నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివీ, గుండె కోసం వాడే ఆస్పిరినూ జీర్ణాశయం తన గోడను కాపాడుకునే శక్తిని తగ్గిస్తాయి. వయసు మళ్లినవారిలో నొప్పేమీ లేకుండానే పుండు పడి, ఒక్కసారిగా రక్తపు వాంతితో బయటపడవచ్చు. డాక్టరుకు మందుల పట్టిక చెప్పేటప్పుడు ఈ మాత్రలను మరచిపోకూడదు. అయితే గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకూడదు.

పైలోరీ ఉన్నట్టు తేలితే రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజులు వాడతారు. మూడో రోజుకే మంట తగ్గిందని ఆపేస్తే సూక్ష్మజీవి మందులకు లొంగకుండా తయారవుతుంది. కోర్సు అయ్యాక కనీసం 4 వారాలకు శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో అది పోయిందని రుజువు చేసుకోవాలి. ఆ పరీక్షకు 2 వారాల ముందు నుంచి ఆమ్లం తగ్గించే మాత్ర ఆపాలి, లేకుంటే ఫలితం తప్పుగా రావచ్చు. కారం పుండు చేయదు, నిజమే. ఉన్న మంటను పెంచగలదు కాబట్టి ఎవరికి పడకపోతే వారు తగ్గించుకుంటే చాలు.

'రిపోర్టులన్నీ నార్మల్ అంటున్నారు, మరి ఈ నొప్పేమిటి?'

ఐబీఎస్ రోగులందరి ప్రశ్న ఇది. దీనికి జవాబు సరిగా చెప్పకపోవడం వల్లే వారు స్కాను మీద స్కాను తీయించుకుంటూ ఆసుపత్రి మార్చి ఆసుపత్రి తిరుగుతారు. ఐబీఎస్‌లో పేగుకు పుండు ఉండదు, వాపు ఉండదు, పేగుల కదలికా స్పర్శా మారతాయి. మామూలు మనిషికి తెలియని కొద్దిపాటి గాలి కూడా వీరికి నొప్పిగా తెలుస్తుంది. పేగుల గోడల్లో కోట్లాది నాడీకణాల వ్యవస్థ ఉంది, అది మెదడుతో రెండువైపులా మాట్లాడుతూ ఉంటుంది. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా తయారయ్యేది జీర్ణనాళంలోనే. పరీక్ష రాసే రోజు, పెళ్లిచూపుల రోజు కడుపు కదిలిపోవడం ఈ సంబంధం వల్లే.

2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండి, అది మలవిసర్జనతో ముడిపడి ఉండటం, మలానికి వెళ్లే సంఖ్య మారడం, మలం రూపు మారడం అన్న మూడింట్లో రెండు కనబడితే, మొదలై 6 నెలలైనా అయితే ఐబీఎస్ అంటారు. ముందు చెప్పిన ప్రమాద లక్షణాలేవీ లేకుండా ఉండాలి. అంటే ఇది లక్షణాలను బట్టి ధైర్యంగా పేరు పెట్టగల జబ్బు. ఏమీ దొరక్కపోతే పెట్టే పేరు కాదు. ఐబీడీ ఉందేమోనన్న సందేహం తీర్చడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష బాగా పనికొస్తుంది. పేగుల్లో వాపు ఉంటే అది పెరుగుతుంది, ఐబీఎస్‌లో సాధారణంగా పెరగదు.

'అంటే మానసికమంటారా?' అని రోగి నొచ్చుకుంటాడు. ఆ నొప్పి నిజమైన నొప్పి. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో తాగునీరు కలుషితమై రెండు వేల మందికి పైగా విరేచనాల పాలయ్యారు. ఆ ఊరివారిని పరిశోధకులు 8 ఏళ్ల పాటు గమనిస్తే, అప్పుడు జబ్బుపడినవారిలో ఐబీఎస్ మిగతావారికన్నా చాలా ఎక్కువగా కనిపించింది. ఒక్క అంటువ్యాధి పేగుల స్వభావాన్ని ఏళ్ల పాటు మార్చగలదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఆందోళన, నిద్రలేమి దాన్ని పెంచుతాయి, అంతమాత్రాన అది ఊహించుకున్నది కాదు.

ఐబీఎస్‌కు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాసినప్పుడు మందుల కాగితం చదివి 'నాకు డిప్రెషన్ మందిచ్చారు' అని ఆపేసేవారున్నారు. 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే ఆ మోతాదు పేగుల నొప్పి సంకేతాలను తగ్గించడానికి. 2023లో ఇంగ్లాండ్‌లో ప్రాథమిక వైద్యుల దగ్గర చేసిన పెద్ద అధ్యయనంలో అది ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేసింది. మందు రాసిన డాక్టరు రెండు నిమిషాలు కేటాయించి ఈ సంగతి చెబితే ఆ మందు చెత్తబుట్టలో పడదు.

'ఏం తినాలి, ఏం మానాలి?'

ప్రతి జబ్బుకూ పథ్యం ఉందని నమ్మే సమాజం మనది. అందుకే ఎవరు ఏది చెప్పినా మానేస్తూ పోయి, చివరికి పెరుగన్నం మీద బతికే రోగులు తయారవుతారు. కొలైటిస్, క్రోన్స్ ఉన్నవారిలో పోషకాహార లోపం జబ్బంత కీడు చేస్తుంది. పేగు సన్నబడి అడ్డంకి ఉన్న క్రోన్స్ రోగి పీచు తగ్గించాలి. జబ్బు బాగా తిరగబెట్టిన రోజుల్లో తేలిగ్గా అరిగేవి తినాలి. మిగతా రోజుల్లో పప్పు, గుడ్డు, చేప, కూరలు అన్నీ తినవచ్చు.

ఆహారమే మందైన జబ్బు సీలియాక్. డచ్ పిల్లల వైద్యుడు విలెం డికె, 1944-45 చలికాలపు కరువులో నెదర్లాండ్స్‌లో రొట్టె దొరక్క ఈ జబ్బున్న పిల్లలు తేరుకోవడం, రొట్టె మళ్లీ రాగానే క్షీణించడం చూసి గోధుమలపై తనకున్న అనుమానాన్ని రూఢి చేసుకున్నాడు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ దీనికి మూలం. మన దేశంలో జరిపిన సర్వేల్లో ఇది ఉత్తరాన వందకు ఒకరికి పైగా, దక్షిణాన వెయ్యికి ఒకరికి కనిపించింది. తెలుగు రోగికి ఒక సుఖముంది: అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, ఇడ్లీ, పెసరట్టు వీటిలో గ్లూటెన్ లేదు. చిక్కల్లా కంటికి కనబడని గోధుమతోనే. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా అందరికీ తెలిసినవే. కానీ బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమ పిండి కలిపి ఉంటుంది. అన్నీ మానినా పులిహోర తాలింపు దగ్గర జబ్బు మళ్లీ మొదలవుతుంది. డబ్బా మీది అక్షరాలు చదవాలి. ఇంకో మాట: రక్తపరీక్ష, బయాప్సీ అయ్యేదాకా గోధుమ మానకూడదు, మానితే పరీక్షలో జబ్బు దొరకదు.

ఐబీఎస్‌కు మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో పీటర్ గిబ్సన్, సూసన్ షెపర్డ్ రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి కొందరికి బాగా పనిచేస్తుంది. చిన్నపేగులో సరిగా ఇంకక పెద్దపేగులో పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలను తగ్గించడం దాని సూత్రం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు, మామిడి, యాపిల్, కాలీఫ్లవర్ ఆ జాబితాలో ఉన్నాయి. బియ్యం, గుడ్లు, చేపలు, క్యారెట్, వంకాయ లేవు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట మన ఇళ్లలో పూజల రోజుల్లో ఎలాగూ చేస్తారు కాబట్టి మొదటి వారాలు అంత కష్టం కాదు. దీన్ని 2 నుంచి 6 వారాలు మాత్రమే పాటించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడదో కనిపెట్టాలి. జన్మంతా మానేయడం ఆ పద్ధతిని తప్పుగా అర్థం చేసుకోవడమే. పీచు కోసం గోధుమ తవుడు కన్నా ఇసబ్గోల్ మేలు.

పాల సంగతి తేలిక. చిన్నతనం దాటాక పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గిపోవడం ప్రపంచంలో ఎక్కువమందికి సహజం, ఉత్తర భారతంకన్నా దక్షిణాన ఇంకా ఎక్కువ. పాలు తాగితే ఉబ్బరించేవారికి కూడా పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి, తోడుపెట్టిన సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి కనుక.

'నాకే ఎందుకొచ్చింది? క్రోన్సా, టీబీనా?'

ఐబీడీ పాశ్చాత్యుల జబ్బని చాలాకాలం అనుకున్నారు. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి నుంచి బరిల్ క్రోన్, ఇద్దరు సహచరులు 1932లో వర్ణించిన జబ్బు ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కనిపిస్తోంది. ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌షైర్‌లో స్థిరపడిన భారతీయుల్లో అల్సరేటివ్ కొలైటిస్ స్థానికులకన్నా ఎక్కువని 1992లోనే రాశారు. అంటే మన శరీరాలకు ఆ గుణం ముందే ఉంది, మారిన పరిసరాలు దాన్ని బయటికి తెచ్చాయి. హైదరాబాద్ వైద్య బృందం ఎండోస్కోపీ వాహనంతో తెలంగాణ గ్రామాలకు వెళ్లి చూస్తే, కడుపు బాధలున్న పల్లెవాసుల్లో ఐబీడీ వాటా నగరంతో దాదాపు సమానంగా ఉంది. జన్యువులు, పేగుల్లోని సూక్ష్మజీవులు, రోగనిరోధక వ్యవస్థ, ఆహారం కలిసి దీన్ని తెస్తాయి. రోగి చేసిన పాపం, తిన్న ఒక్క తిండి కారణం కాదు.

మన దేశంలో క్రోన్స్ నిర్ధారణలో ఉన్న చిక్కు వేరు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటే పేగు టీబీ కూడా ఎక్కువగా వస్తుంది. నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కొలనోస్కోపీలో పుండ్లు రెండింట్లోనూ దగ్గరదగ్గరగా ఉంటాయి. క్రోన్స్‌కు ఇచ్చే స్టెరాయిడ్లు టీబీని చెలరేగేలా చేస్తాయి. అందుకే తేలనప్పుడు డాక్టర్లు ముందు టీబీ మందులిచ్చి, రెండుమూడు నెలలకు కొలనోస్కోపీలో పుండ్లు మానాయో లేదో చూస్తారు. 'ముందు టీబీ అన్నారు, ఇప్పుడు కాదంటున్నారు' అని కోప్పడే కుటుంబానికి ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి.

'మందులు జీవితాంతం వాడాలా?'

ఆమ్లం తగ్గించే మాత్రల విషయంలో చాలామందికి జవాబు: వాడక్కర్లేదు. పాంటొప్రజోల్ జాతి మందులు నిద్ర లేవగానే తాగే కాఫీలా అలవాటైపోయాయి. పైలోరీ పుండుకు కొన్ని వారాలు చాలు. తీవ్రమైన రిఫ్లక్స్ ఉన్నవారు, ఆస్పిరిన్ వాడక తప్పని వృద్ధులు ఎక్కువకాలం వాడాలి. మాత్ర భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. ఏళ్లు వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎక్కువగా ఊరి మంట పెరుగుతుంది, దాన్ని చూసి జబ్బు పోలేదని మళ్లీ మొదలుపెడతారు. మెల్లగా తగ్గించాలి. రాత్రి భోజనానికీ నిద్రకూ 3 గంటల ఎడం, పెరిగిన బరువు తగ్గించుకోవడం, తల వైపు మంచం ఎత్తడం రిఫ్లక్స్‌ను తగ్గించడానికి తోడ్పడతాయి.

ఐబీడీ విషయంలో జవాబు దీనికి పూర్తిగా వ్యతిరేకం: తగ్గినా వాడాలి. కొలైటిస్‌కు వాడే మెసలమిన్‌ను బాగున్నప్పుడు ఆపేసినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఆపకూడనిది ఆపేసి, ఆపాల్సింది కొనసాగించడం ఇక్కడ తరచూ జరుగుతుంది. ఆపాల్సింది స్టెరాయిడ్. వారంలో ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కాబట్టి పాత చీటీ చూపించి ప్రెడ్నిసొలోన్ కొనుక్కునేవారున్నారు. అది మంటను ఆర్పడానికే గానీ తిరగబెట్టకుండా కాపాడలేదు. ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది, కంట్లో శుక్లాలు వస్తాయి. వారాల తరబడి వాడాక ఉన్నపళాన ఆపినా ప్రమాదమే. అజాథయోప్రిన్ చవకైన మంచి మందు, కానీ ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో మార్పున్న ఆసియావాసుల్లో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మొదటి వారాల్లో రక్తపరీక్షలు మానకూడదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు ఎన్నో జీవితాలను నిలబెట్టాయి. అడాలిముమాబ్‌కు దీటైన మందు 2014లోనే మన దేశంలో తయారై ధర కొంత దిగింది. అవి నిద్రపోతున్న టీబీని లేపగలవు కాబట్టి ముందుగా ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరి.

రోజుకు ఆరు, అంతకుమించి రక్త విరేచనాలు అవుతూ, జ్వరమో గుండెదడో ఉంటే అది ఇంట్లో చూసుకునే స్థితి కాదు. ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి.

పొడులు, భస్మాల సంగతి కూడా చెప్పాలి. పేరు లేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. కొన్నిటిలోని సీసం తానే కడుపునొప్పి, మలబద్ధకం తెస్తుంది. ఏ పద్ధతి మందు వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పాలి, అడిగినందుకు డాక్టరు కసురుకోకూడదు.

'పెళ్లి, పిల్లలు? క్యాన్సర్?'

ఆడపిల్ల తల్లిదండ్రులు ఈ ప్రశ్నను గొంతు తగ్గించి అడుగుతారు. ఐబీడీ ఉన్నవారు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చడం ముఖ్యం. గర్భం తెలియగానే భయపడి మందులన్నీ ఆపేయడం వల్ల జబ్బు తిరగబెట్టి తల్లీబిడ్డలకు హాని కలుగుతుంది. మెసలమిన్, అజాథయోప్రిన్ సాధారణంగా కొనసాగిస్తారు. మెథోట్రెక్సేట్ అనే మందును మాత్రం గర్భం దాల్చడానికి నెలల ముందే ఆపాలి. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మామూలుకన్నా ఎక్కువే అయినా, ఎక్కువమంది పిల్లలకు రాదు.

ఐబీఎస్ క్యాన్సర్‌గా మారదు. పైలోరీని 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, అయినా అది ఉన్నవారిలో కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. పెద్దపేగులో ఎక్కువ భాగం పాకిన కొలైటిస్‌కు లక్షణాలు మొదలైన 8 ఏళ్ల నుంచి నియమిత కొలనోస్కోపీలు అవసరం, ఒంట్లో బాగున్నా సరే.

'ఆపరేషన్ చేస్తే పోతుందా?'

కొలైటిస్‌లో పెద్దపేగంతా తీసేస్తే ఆ పేగు జబ్బు పోతుంది. లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో అలన్ పార్క్స్, జాన్ నికల్స్ 1978లో వివరించిన పద్ధతిలో చిన్నపేగు చివరను సంచిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు కనుక, శాశ్వతంగా పొట్ట మీద సంచి పెట్టుకోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది. రోజుకు ఐదారుసార్లు పల్చగా వెళ్లాల్సి రావచ్చు, చిన్నపేగుతో కుట్టిన సంచికి అప్పుడప్పుడూ వాపు రావచ్చు. క్రోన్స్‌లో ఆపరేషన్ అడ్డంకినో చీమునో తొలగిస్తుంది, జబ్బును కాదు. కుట్టిన చోటే అది మళ్లీ మొదలుకావచ్చు. అందుకే ఆపరేషన్ తర్వాత మందులు కొనసాగిస్తారు, 6 నుంచి 12 నెలల్లో కొలనోస్కోపీ చేసి చూస్తారు. పొగతాగే క్రోన్స్ రోగిలో తిరగబెట్టే అవకాశం బాగా ఎక్కువ. ఆపరేషన్ తేదీ కంటే ముందు సిగరెట్, బీడీ మానేయమని చెప్పేది అందుకే.